ముచ్చటకో చాక్లెట్

మా మేనత్త మస్కట్ నుంచి వచ్చిన డిసెంబరులో నాకు పదకొండేళ్లు, తమ్ముడికి ఆరు. తెలంగాణ ఇస్తున్నామని ప్రకటన వచ్చింది. మా కాలనీలో పటాకులు కాల్చారు. ఆ కాగితం ముక్కలు ఇంకా మోరీ కాలువలో ఉండగానే ప్రకటన వెనక్కి పోయింది. క్రిస్మస్ సెలవులకు మూసిన మా బడి బందుల వల్ల సరిగ్గా తెరుచుకోనే లేదు. వారం రోజులు మాతో ఉండి మిర్యాలగూడలో అత్తగారింటికి పోవాల్సిన అత్తమ్మ, బస్సులు తిరగక, వాళ్ల మనుషులెవరూ కారు పంపక, మా ఇంట్లోనే చిక్కుకుపోయింది. ఆ కోపం ఆమెకు మా మీదే తీర్చుకోవాలనిపించిందేమో. లేకపోతే కాలక్షేపం కోసమే చేసిందేమో. ఇప్పటికీ నాకు తేల్చుకోవడం రాదు.

ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనక కాలనీలో రెండు గదుల పోర్షన్ మాది, కిరాయికి. ముందు గదిలో మంచం అత్తమ్మకూ ఆమె కొడుక్కీ ఇచ్చాం. మంచం పక్కన చాప మీద నాయనమ్మ. మేం నలుగురం వంటగదిలో పడుకునేవాళ్లం. తెల్లవారేసరికి గచ్చు చలికి వీపులు పట్టేసేవి.

నాన్న చౌరస్తాలోనే ఒక ట్రావెల్స్ ఆఫీసులో పని చేసేవాడు. విజయవాడ, గుంటూరు వైపు పోయే బస్సులకు టికెట్లు రాయడం, సామాను ఎక్కించడం, రోడ్డు మీద నిలబడి ఊళ్ల పేర్లు కేకలేస్తూ జనాన్ని పిలవడం. యజమాని కోస్తా ఆయన. అందుకని మా ఇంట్లో ఉద్యమం మాట ఎత్తేవాళ్లం కాదు. టీవీలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే నాన్న లేచి సౌండు తగ్గించేవాడు.

అమ్మ చీరలకు ఫాల్స్ కుట్టేది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్ వాళ్లు చీరలిస్తే ఇంటికి తెచ్చి, కుట్టి, మళ్లీ అప్పగించి వచ్చేది. తమ్ముడు ఇంట్లో ఉంటే పని సాగనివ్వడని వెంట తీసుకుపోయేది. బందు రోజుల్లో కూడా సంచి పట్టుకుని బయల్దేరుతుంటే నాయనమ్మ అడిగేది.

"బందు గదే, దుకానం యాడ తీస్తరు?"

"సగం షట్టర్ లేపి ఇస్తరు" అనేది అమ్మ.

అత్తమ్మ తెచ్చిన పెట్టెల్లో ఒకదాని నిండా చాక్లెట్లే. మొదటి రోజు ఆ పెట్టె మూత తెరిచినప్పుడు వచ్చిన వాసన ఎలాంటిదో నేను చెప్పలేను. కోవా కాదు, కాఫీ కాదు. నోట్లో నీళ్లు వాటంతట అవే ఊరాయి. బంగారు కాగితం చుట్టిన గుండ్లు, వెండి కాగితం నాణేలు, నా మోచేతంత పొడుగున్న బిళ్లలు. మా వీధి కిరాణా కొట్లో పెన్సిలు ముక్కంత చాక్లెట్ కొనుక్కుని దాన్ని ఇద్దరం పళ్లతో కొరికి పంచుకునేవాళ్లం. అందుకే ఆ పెట్టె ముందు మా తమ్ముడు గుళ్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

ఆ రోజు అందరికీ తలా ఒకటి ఇచ్చింది. నాయనమ్మ తనది చప్పరించి, "చేదుగున్నదేందే, మందుబిళ్ల తీరు" అని కొంగులోకి ఊసేసింది. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. తర్వాత పెట్టెకు తాళం పడింది. తాళంచెవిని అత్తమ్మ పుస్తెలతాడుకు పిన్నీసుతో తగిలించుకుంది.

ఆమె కొడుక్కి మాత్రం అడక్కుండానే దొరికేవి. వాడిది నా ఈడే. సగం కొరికి, చేతిలో గేమ్ మీద నుంచి చూపు తిప్పకుండా, మిగతా సగం కిటికీలో పెట్టేవాడు. అక్కడ దానికి చీమలు పట్టేవి. ఒకసారి నేను చెయ్యి చాపబోతే అత్తమ్మ చూసింది.

"ఎంగిలి తింటవానే? కుక్కవా?" అంది. ఆ సగం ముక్కను తనే తీసి బయట మోరీలో పడేసింది. నేను చూస్తుండగా.

మాకు కావాలంటే పని చేసి సంపాదించుకోవాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచం మీద ఒరిగి మమ్మల్ని పిలిచేది. మొదట కాళ్లు పిసికించుకుంది. తర్వాత ఎక్కాలు చెప్పించింది. పదమూడో ఎక్కంలో నేను తడబడితే అప్పటికే విప్పిన కాగితాన్ని మళ్లీ చుట్టేసింది. ఇంకో రోజు ఇద్దరినీ ఒంటికాలి మీద నిలబెట్టి, ఎవరు చివరిదాకా నిలబడితే వాళ్లకి అంది. తమ్ముడు పడిపోయి మూతి పగలగొట్టుకున్నాడు. నేను గెలిచాను. ఆ గుండును వాడి రక్తం మూతి ముందే విప్పుకుని తిన్నాను. చాలా బాగుంది.

అసలు ఆట మొదలైంది అనుకోకుండా. ఒక మధ్యాహ్నం తమ్ముడు ఆమె కాళ్లు పిసుకుతూ, ఊరికే ఏదో ఒకటి చెప్పాలని, "అత్తమ్మా, అమ్మ పొద్దుగాల నీ సబ్బుతోటి మొఖం కడుక్కుంది" అన్నాడు.

అత్తమ్మ లేచి కూర్చుంది. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "అబ్బో! గందుకేనా మీ అమ్మ తెల్లగైంది!" అని, తాళం తీసి, బంగారు గుండు వాడి చేతిలో పెట్టింది. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

ఆరేళ్లవాడికి అంతకంటే వివరంగా ఎవరూ చెప్పనక్కర్లేదు. మర్నాటి నుంచి వాడు ముచ్చట్లు మోయడం మొదలుపెట్టాడు. అమ్మ నాయనమ్మ పాలల్లో నీళ్లు కలుపుతుందట. అత్తమ్మ చీర ఒకటి భుజాన వేసుకుని అద్దంలో చూసుకుందట. చికెన్ కూరలో మంచి ముక్క నాన్నకు దాచిందట. అన్నీ నిజాలే. అన్నిటికీ చాక్లెట్లు. అత్తమ్మ ఆ సంగతులను దాచుకునేది కాదు. అదే రోజు, అమ్మ వడ్డిస్తున్నప్పుడు, నాన్న ముందో నాయనమ్మ ముందో బయటకు తీసేది. "ఏమే మరదలా, అవ్వకు పాలు పోస్తున్నవా, కడుగు నీళ్లు పోస్తున్నవా?" అని. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు వల్ల ఎవరూ కోపం తెచ్చుకోవడానికి వీలుండేది కాదు.

నేనూ ప్రయత్నించాను. అమ్మకు అరికాలు పగిలి రక్తం వస్తోందని చెప్పాను. "గిది ముచ్చటనా? పో" అంది అత్తమ్మ. నాకు తెలిసినవేవీ పనికొచ్చేవి కావు. అమ్మ వెంట తిరిగేది వాడు. నేను బడి పుస్తకాల వెంట తిరిగేదాన్ని. నేను చెప్పకపోవడంలో నా గొప్పతనం ఏమీ లేదు, నాకు తెలియలేదంతే.

తర్వాత వాడు చెప్పింది పెద్దది. "అమ్మ నిన్ను ఒంటె అన్నదత్తమ్మా. ఒంటె ఎప్పుడు లేస్తదో ఎప్పుడు పోతదో అన్నది."

ఆ రోజు అత్తమ్మ నవ్వలేదు. కానీ వాడికి రెండిచ్చింది. రాత్రి అన్నానికి పిలిస్తే, "ఒంటెకు ఆకలి కాదు, నీళ్లు తాగి ఉంటది" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆడబిడ్డ పస్తుందని నాయనమ్మ ఏడ్చింది. నాన్న అమ్మను, "కాళ్లు మొక్కు" అన్నాడు. అమ్మ మొక్కింది. అత్తమ్మ కాళ్లు వెనక్కి లాక్కోలేదు. తీరిగ్గా మొక్కించుకుని, లేచి వచ్చి రెండుసార్లు వడ్డించుకుని తింది.

మర్నాడు పొద్దున అమ్మ తమ్ముణ్ని బాత్రూంలోకి తీసుకుపోయి తొడ మీద గిచ్చింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"ఇంట్ల ముచ్చట ఇంకోసారి చెప్తివా, నాలుక కోస్త. సమజైందా? ఇంట్లది ఏదీ చెప్పొద్దు."

వాడు ఏడుస్తూ తలూపాడు. వాడికి బాగా సమజైంది. అందుకే తర్వాతి మూడు నాలుగు రోజులు వాడి దగ్గర ముచ్చట్లు లేవు. మధ్యాహ్నాలు పెట్టె వైపు చూస్తూ గోళ్లు కొరుక్కునేవాడు. అత్తమ్మ పెద్ద బిళ్ల ఒకటి, లోపల బాదం పప్పులున్నది, బయటకు తీసి దిండు మీద పెట్టుకుంది. "దీనికి తగ్గ ముచ్చట ఎవ్వల కాడుంటే వాళ్లదే" అంది.

వాడు చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన నాకు కనబడింది. నుదురు ముడతలు పడింది, పెదాలు కదిలాయి. చివరికి మంచం దగ్గరికి పోయి, "ఇది ఇంట్ల ముచ్చట కాదత్తమ్మా, బయటిది. చెప్పొచ్చు" అన్నాడు.

"చెప్పు బిడ్డా."

"అమ్మ దుకానంకు పోతలేదు. టెంటుకు పోతది. గాడ మస్తు మంది ఆడోళ్లు కూసుంటరు. అమ్మ మైకు పట్టుకొని పాట పాడుతది. అందరు సప్పట్లు కొడుతరు. నాకు అరటిపండు ఇస్తరు."

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన రిలే దీక్షల టెంటు ఉండేది. అమ్మ చీరల సంచి పక్కన పెట్టుకుని, బందు రోజుల్లో, మామూలు రోజుల్లో కూడా గంటో రెండు గంటలో అక్కడ కూర్చుని వచ్చేదని అప్పుడే మాకు తెలిసింది. నాన్న పని చౌరస్తాలో. అటువైపు వెళ్లేవాడు కాదు. బస్సులు ఆపుతున్నది ఈ టెంట్లవాళ్లే. నాన్న ఎక్కించాల్సిన బస్సులు.

అత్తమ్మ బిళ్ల వెంటనే ఇవ్వలేదు. "మీ నాయన ముందట చెప్పాలె. అప్పుడిస్త" అంది.

ఆ సాయంత్రం నాన్న చేతికి రుమాలు కట్టుకుని వచ్చాడు. ఆఫీసు ముందు నిలిపిన బస్సు అద్దం ఎవరో రాయితో పగలగొట్టారు. పెంకులు ఏరుతుంటే కోసుకుంది. యజమాని అందరి ముందూ, "మీవాళ్లే కదయ్యా పగలగొట్టింది? చూస్తూ నిలబడ్డావా?" అన్నాడట. ఆ మాట నాన్న ఇంట్లోకి వస్తూనే చెప్పాడు, చేతి గాయం గురించి కంటే ముందు.

అత్తమ్మ ఆయన్ని చాయ్ తాగనిచ్చింది. కప్పు కింద పెట్టాక తమ్ముణ్ని పిలిచింది. బిళ్లను ఒళ్లో పెట్టుకుని, "ఇగ చెప్పు బిడ్డా, మధ్యాహ్నం చెప్పింది" అంది. వాడు పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. అరటిపండు కూడా మర్చిపోలేదు.

నాన్న అమ్మను పిలిచాడు. "నిజమేనా?"

"నిజమే."

"ఎప్పటిసంది?"

"టెంటు ఏసినకాడికెల్లి."

"నేను గాడ బస్సులెక్కియ్యాలె, నువ్వు గీడ బస్సులాపాలె. మంచిగుంది."

"నేనేం రాళ్లు రువ్వలే" అంది అమ్మ. "పాట పాడిన. అంతే."

"ఏం పాటనో మేం గూడ ఇంటం, పాడమను తమ్మీ" అంది అత్తమ్మ నాన్నతో.

నాన్న అమ్మ వైపు చూశాడు. ఆయన చెయ్యెత్తుతాడని నేను అనుకున్నాను. అలా చేసి ఉంటే బాగుండేది. ఆయన గోడకానుకుని కూర్చుని, "పాడు" అన్నాడు.

"వద్దు" అంది అమ్మ.

"గంతమంది ముందట పాడినవ్. మొగడి ముందట పాడనీకి సిగ్గైతుందా? పాడు."

అమ్మ కొంగు పట్టుకుని గది మధ్యలో నిలబడి పాడింది. మొదట గొంతు రాలేదు. "గట్టిగ. గీడ మైకు లేదు" అంది అత్తమ్మ. అమ్మ కళ్లు మూసుకుని మళ్లీ ఎత్తుకుంది. వాళ్ల ఊళ్లో నాట్లు వేసేటప్పుడు పాడుకునే వరస అది. అందులో తను కట్టుకున్న మాటలు కలిపింది. మా ఊళ్లో చెరువెండిపోయిన సంగతి, పట్నమొచ్చి కిరాయి గదుల్లో పడ్డ సంగతి. అమ్మ పాట నేను వినడం అదే మొదలు. వంట చేస్తున్నప్పుడు కూడా ఆమె కూనిరాగం తీసేది కాదు. అంత గొంతు ఆ మనిషిలో ఉందని మాకెవరికీ తెలియదు. గది చిన్నది కావడం వల్ల ఆ గొంతు గోడలకు తగిలి మా మీదే పడుతున్నట్టుంది. నాయనమ్మ నోరు తెరుచుకుని వింది. నాన్న తల దించుకున్నాడు. చాలని మాత్రం అనలేదు. చివరిదాకా పాడించాడు.

పాట అయిపోయాక అత్తమ్మ చప్పట్లు కొట్టింది. పెట్టెలోంచి బంగారు గుండు ఒకటి తీసి అమ్మ మీదికి విసిరింది. అది అమ్మ రొమ్ముకు తగిలి కింద పడింది.

"ఇగో మరదలా, నీకు గూడ. పాటకు ఇనాం."

ఆమె కొడుకు గేమ్ మీద నుంచి తలెత్తి నవ్వాడు. వాణ్ని చూసి తమ్ముడు నవ్వాడు. తర్వాత నాన్న కూడా నవ్వాడు. చిన్న నవ్వే. ముక్కులోంచి వచ్చింది. అమ్మ వంగి ఆ గుండు తీసుకుంది, కొంగున ముడేసుకుంది, బియ్యం కడగడానికి పోయింది.

అత్తమ్మ మాట తప్పే మనిషి కాదు. బాదం బిళ్ల తమ్ముడికిచ్చింది.

మర్నాడు నాన్న ఆఫీసుకు పోయాడు. అత్తమ్మ, ఆమె కొడుకు, నాయనమ్మ కలిసి ఆటోలో సైదాబాద్‌లో చుట్టాలింటికి పోయారు. వాళ్ల ఆటో మలుపు తిరిగేదాకా అమ్మ గేటు దగ్గర నిలబడింది. లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది. తమ్ముడి దిండు కింద నుంచి ఆ బిళ్ల తీసింది. ఒక వరస మాత్రమే తిని మిగతాది దాచుకున్నాడు వాడు, నాకు కూడా పెట్టకుండా. దాన్ని పళ్లెంలో ముక్కలు చేసి, కొంగు ముడి విప్పి బంగారు గుండు కూడా అందులో పెట్టి, వాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"తిను."

వాడు సంతోషంగా తిన్నాడు. రెండు, మూడు ముక్కలు. చలికి బిళ్ల గట్టిపడి ఉంది, పళ్ల కింద టపటప విరుగుతోంది. నాలుగోది తిన్నాక, "చాలమ్మా, రేపు తింట" అన్నాడు.

"తిను."

వాడు నా వైపు చూశాడు. అమ్మ వాడి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ముక్క నోట్లో పెట్టింది. "గిప్పుడు చెప్పు. ముక్కకొక ముచ్చట. మీ అత్తమ్మకు చెప్తవ్ గద, నాకు చెప్పు."

"ఏం చెప్పాలె?"

"నీ ఇష్టం. చెప్పు."

నోటినిండా చాక్లెట్‌తో వాడు చెప్పడం మొదలుపెట్టాడు. నేను వాడి పలక విరగ్గొట్టానని చెప్పాడు. అత్తమ్మ గురకపెడుతుందని చెప్పాడు. అవి అయిపోయాక తన గురించి చెప్పాడు. పక్కలో ఉచ్చ పోసుకుని నీళ్లు పడ్డాయన్నాడట. బడిలో ఎవరిదో రబ్బరు దొంగిలించాడట. ఏడుస్తున్నాడు. గోధుమరంగు చొంగ గడ్డం మీంచి చొక్కా మీదికి కారుతోంది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని లాగాను. ఆమె మోచేతితో నన్ను నెట్టింది. వెళ్లి బియ్యం డబ్బాకు తగిలాను.

వాడు కక్కుకున్నాడు. అమ్మ లేచి బట్ట తెచ్చి గచ్చు తుడిచింది. వాడి మూతి తుడిచింది. నీళ్లు తాగించింది. అవన్నీ చేస్తుంటే ఇక అయిపోయిందనుకున్నాను. మళ్లీ కూర్చుని ఇంకో ముక్క తీసింది.

"అమ్మా, ముచ్చట్లు ఒడిసినయమ్మా" అన్నాడు వాడు. "ఇగ ఏం లేవు."

"తిను."

బంగారు గుండు చివర మిగిలింది. దాని కాగితం విప్పి, అది కూడా పెట్టింది. పళ్లెం ఖాళీ అయింది కాబట్టి ఆగింది. ఇంకో బిళ్ల ఉండి ఉంటే ఆగేది కాదు. ఆ సంగతి నాకు ఆమె మొహం చూస్తేనే తెలిసింది. తర్వాత చేతులు కడుక్కుని, సూది దారం తీసుకుని, ఒక పసుపు చీరకు ఫాల్ కుట్టడానికి కూర్చుంది. వాడు ఆమె కాళ్ల దగ్గరే, గచ్చు మీద నిద్రపోయాడు.

సాయంత్రానికి వాడికి జ్వరమొచ్చింది. "ఎక్కువ తిన్నడు" అని అమ్మ నాన్నకు చెప్పింది. అత్తమ్మ ముద్దుచేస్తూ, "నా బంగారం, దిష్టి తాకింది" అని ఉప్పు తిప్పి పోసింది.

బస్సులు నడిచాక అత్తమ్మ మిర్యాలగూడ పోయింది. పోతూ పోతూ వాడి జేబులో ఒక పిడికెడు చాక్లెట్లు పోసింది. ఆటో కదిలాక వాడు అవన్నీ తీసి రెండు చేతులతో అమ్మకు పట్టాడు. అమ్మ వాటిని తీసుకుని, వాడి ముందే, పక్కింటి పిల్లలకు పంచిపెట్టింది. వాడు చూస్తూ నిలబడ్డాడు. ఒకటి నాకిచ్చింది. నేను తిన్నాను.

అమ్మ మళ్లీ టెంటుకు పోలేదు. కుట్టిన చీరలు నాన్నే పోయి దుకాణంలో ఇచ్చి వచ్చేవాడు. అంత జాగ్రత్తపడ్డా ఆ ఎండాకాలానికే యజమాని ఆఫీసు ఎత్తేసి బస్సులు అమ్ముకున్నాడు. అమ్మ పాటకూ దానికీ ఏ సంబంధమూ లేదు. నాన్న కొన్నాళ్లు ఖాళీగా తిరిగి, ఒక స్కూలు వ్యాను నడపడానికి కుదిరాడు.

కొన్నేళ్లకు తెలంగాణ వచ్చింది. ఆ రాత్రి మా వీధంతా రోడ్డు మీదే ఉంది. టెంటులో అమ్మతో కూర్చున్న ఆడవాళ్లు నలుగురు ఎవరినో అడిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "రా అక్కా, పాడుదువు. నీ గొంతు మేం మర్వలే" అన్నారు. అమ్మ గడపలోనే నిలబడి, మోకాళ్లు నొస్తున్నయని చెప్పి పంపేసింది. నాన్న లోపలి నుంచి వచ్చాడు. కొంచెం సిగ్గుపడుతూ, "పోరాదు, ఇయ్యాల గూడ పోకుంటే ఎట్ల? పాడిరాపో" అన్నాడు.

"మీ అక్కకు ఫోన్ చెయ్యి" అంది అమ్మ. "ఆమె పాడమంటే పాడుత."

నాన్న చెప్పులేసుకుని ఒక్కడే గుంపులోకి పోయాడు.

అత్తమ్మ ఇప్పటికీ పెళ్లిళ్లలో కలిస్తే తమ్ముడి చెవి పట్టుకుని, "వీడు చిన్నప్పుడు మా రేడియో. ఒక్క చాక్లెట్ ఇస్తే ఊరి వార్తలన్నీ చదివేటోడు" అని అందరికీ చెప్పి నవ్వుతుంది. నాన్న నవ్వుతాడు. అమ్మ విస్తళ్లు సరిపోయాయో లేదో చూడ్డానికి లేచి పోతుంది. తమ్ముడు చెవి విడిపించుకుంటాడు. వాడిప్పుడు ఒక బ్యాంకులో పని చేస్తున్నాడు. ఎవరేమడిగినా, "ఏమో, నాకు తెల్వదు" అంటాడు. కొలువెట్లుంది, ఒంట్లో ఎట్లుంది, పిల్ల నచ్చిందా, అన్నిటికీ అదే. అమ్మతో ఒకే ఇంట్లో ఉంటాడు. ఇద్దరూ గొడవపడగా నేను చూడలేదు. రాత్రి వాడు రాగానే అమ్మ, "తిన్నవా?" అంటుంది. "తిన్న" అంటాడు. తినకపోయినా అదే అంటాడు. అమ్మ రెండోసారి అడగదు.